ముల్లుకీ చెవులుంటాయి

ఇంట్లో రికార్డ్ ప్లేయర్ ఉన్నవాళ్ళు ఒక చిన్న పరీక్ష చేసి చూడొచ్చు. మోటారు ఆపేసి, తిరగని రికార్డు మీద ముల్లు దించాలి. ఆంప్లిఫయర్ వాల్యూం మెల్లగా పెంచుకుంటూ పోవాలి, నాబ్ మీంచి చెయ్యి మాత్రం తియ్యకూడదు. రికార్డు తిరగట్లేదు కాబట్టి ఏమీ వినపడకూడదు. కానీ వినపడుతుంది. ముందు సన్నటి బుస. ఇంకాస్త పెంచి, ప్లేయర్ ఉన్న బల్లని వేలితో తడితే స్పీకర్లోంచి 'ధబ్' మంటుంది. పక్క గదిలో ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే అదీ వస్తుంది. ఇంకా పెంచితే ఒక చోట, ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే, 'ఊఁ' అని ఒక మూలుగు మొదలై తనంతట తనే పెద్దదైపోతుంది. అక్కడ వెంటనే తగ్గించెయ్యాలి. అలాగే వదిలేస్తే స్పీకర్లు పాడయ్యే ప్రమాదం ఉంది.

గోడలకి చెవులుంటాయని ఊరికే అంటారు గానీ, అసలు చెవి ఉన్నది ఈ ముల్లుకి. గాడిలోని వంపు తనని కదిపిందా, బల్ల కదిపిందా అన్నది దానికి అనవసరం. కదిలితే చాలు, అది కరెంటుగా మారి స్పీకర్‌కి చేరుతుంది. స్పీకర్ గాలినీ, తను కూర్చున్న బల్లనీ కదుపుతుంది. ఆ కదలిక మళ్ళీ ముల్లుకి చేరుతుంది. ఈ చక్రంలో ఒక్కో చుట్టుకీ శబ్దం కాస్త తగ్గుతూ వస్తే ఏ గొడవా లేదు, అదే చచ్చిపోతుంది. బయల్దేరినంతా తిరిగొచ్చి చేరితే మాత్రం ఇక ఆగదు. పెళ్ళి పందిట్లో మైకు తీసుకెళ్ళి స్పీకర్ బాక్సు ముందు పెడితే వచ్చే కీచు కూడా ఇదే. ఫ్రెంచివాళ్ళు దీన్ని సోరెన్ లార్సెన్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త పేరు మీద లార్సెన్ ఎఫెక్ట్ అంటారు. మనకి ఫీడ్‌బ్యాక్ అంటే చాలు.

ఈ లెక్క నాకు కావలసి రావడానికి కారణం మా నాన్న చెవులు.

రికార్డులు ఆయనవే. ఘంటసాల భగవద్గీత, బాలమురళి, ఈమని శంకరశాస్త్రి వీణ, షేక్ చినమౌలానా నాదస్వరం. ఒక డెబ్భై దాకా ఉంటాయి. రైలు పెట్టెలు బాగుచేసే పనిలో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు డెబ్భై నాలుగు. వయసుతో పాటు వినికిడి తగ్గుతూ వచ్చింది. రెండు చెవులకీ మెషీన్లు పెట్టుకుంటాడు. మాకు ఉన్నది రెండు బెడ్రూముల ఫ్లాటు, హాలు 12 అడుగులకి 10. ప్లేయరూ, ఆంప్లిఫయరూ, రెండు స్పీకర్లూ అన్నీ టీవీ షోకేసు మీదే వరసగా ఉండేవి.

వాల్యూం నాబ్‌ని గడియారం ముల్లులా చెప్పుకోవడం మా ఇంట్లో అలవాటు. నాకు 9 గంటలు చాలు. నాన్నకి ఒంటిగంట కావాలి. మూలుగు మొదలయ్యేది 12 గంటలకి. అంటే ఆయనకి కావలసిన పాట, ఆ గదిలో రాలేని చోట ఉంది. రెండు మూడు సార్లు చూశాక ఆయన "నాకెందుకులేమ్మా, నువ్వు వినుకో" అని పేపరు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళడం మొదలుపెట్టాడు. పెద్దగా వినపడనివాళ్ళు ఇలాగే ఒక్కో గదిలోంచీ తప్పుకుంటూ వెళ్తారు. ముందు ఫోను. తర్వాత సినిమా. తర్వాత భోజనాల దగ్గర కబుర్లు. ఎవరూ పొమ్మనరు, వాళ్ళే లేచి వెళ్తారు. రికార్డులు కూడా ఆ లిస్టులో చేరితే ఇంక మిగిలేది పేపరొక్కటే.

సీడీకీ, ఫోనుకీ లేని ఈ జబ్బు రికార్డుకే ఎందుకు? కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే కరెంటు చాలా తక్కువ, మామూలు మూవింగ్ మాగ్నెట్ రకంలో సుమారు 5 మిల్లీవోల్టులు. దాన్ని వోల్టుల్లోకి తెస్తే గానీ స్పీకర్ కదలదు. అంటే వెయ్యి రెట్ల పెంపకం. దీనికి తోడు ఇంకోటి ఉంది. రికార్డు కోసేటప్పుడు మంద్ర ధ్వనుల్ని కావాలనే తగ్గిస్తారు. ఉన్నదున్నట్టు కోస్తే గాడి అటూ ఇటూ మరీ వెడల్పుగా ఊగి పక్క గాడిలోకి పోతుంది, ఒక వైపు పట్టే పాటల సంఖ్యా తగ్గిపోతుంది. అందుకని వినేటప్పుడు ఆంప్లిఫయర్ ఆ తగ్గించినదాన్ని తిరిగి పెంచుతుంది. 1954లో ఖాయమైన ఆర్.ఐ.ఏ.ఏ. పద్ధతి ఇది. దాని ప్రకారం 1000 హెర్ట్జ్‌తో పోలిస్తే 50 హెర్ట్జ్ దగ్గర పెంపు 17 డెసిబెల్స్, అంటే ఏడు రెట్లు. రికార్డులో ఉన్న మృదంగం తొప్పి దెబ్బకి ఇది న్యాయమే. కానీ షోకేసు వణుకు ఎవరూ ముందు తగ్గించి కోసింది కాదు. అది కూడా అప్పనంగా ఏడు రెట్లు పెరుగుతుంది. మూలుగు ఎప్పుడూ 'ఊఁ' అనే మంద్రంలోనే ఎందుకుంటుందో దీంతో సగం తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఎర్త్ వైరు సరిగ్గా లేకపోయినా ఒక 'హమ్' వస్తుంది. తేడా తెలుసుకోవడం తేలిక. ముల్లు రికార్డు మీంచి లేపాలి. అప్పుడూ శబ్దం ఉంటే అది వైరింగు. లేపగానే పోతే ఫీడ్‌బ్యాక్. వైరింగు హమ్ ఒకే తీరున ఉంటుంది, ఫీడ్‌బ్యాక్ పెరుగుతుంది.

చక్రాన్ని తెంపడానికి రెండు దారులు చూసుకోవాలి: వణుకు బల్ల ద్వారా వస్తోందా, గాలి ద్వారా వస్తోందా? ఇది నాన్నే తేల్చాడు, చెవితో కాదు. "పాట పెట్టు" అని అరచెయ్యి షోకేసు మీద ఆన్చాడు. తర్వాత ప్లేయర్ పక్కన. తర్వాత గోడ మీద. బేరింగు బాగుందో లేదో చేత్తో చూసే మనిషి ఆయన. "చెక్క మొత్తం ఆడుతోంది. నేలలో ఏమీ లేదు" అన్నాడు.

నేలలో ఏమీ లేకపోవడం మన అదృష్టం. ఈ విషయం మీద దొరికే సలహాలు ఎక్కువగా అమెరికా, ఇంగ్లండుల్లోని చెక్క నేలల ఇళ్ళకి చెప్పినవి. అక్కడ మనిషి నడిస్తే ముల్లు ఎగురుతుంది, కాబట్టి ప్లేయర్‌ని గోడకెక్కించమంటారు. మనది కాంక్రీటు స్లాబు, దాని మీద టైల్స్. అడుగుల చప్పుడు మనకి చిన్న సమస్య. మన అసలు శత్రువు ఆ షోకేసే. పల్చటి ప్లైవుడ్డు, లోపల బోలు, పైన అన్నీ కలిపి పెట్టడం. వీణ కుండకీ దానికీ పెద్ద తేడా లేదు.

మొదటి పని స్పీకర్లని షోకేసు మీంచి దించి విడిగా స్టాండ్ల మీద, మూలల్లోంచి బయటికి లాగి పెట్టడం. మూలలో పెడితే మూడు వైపుల నుంచీ మంద్రం కూడుకుని పెరుగుతుంది. దీంతో మూలుగు 12 నుంచి 12:30కి జరిగింది. అంటే బల్ల దారి తెగినా గాలి దారి మిగిలే ఉంది.

గాలి దారిలో గది పొడవుకి పాత్ర ఉంది. 12 అడుగుల గదిలో, ఆ పొడవుకి సరిపడే మొదటి ప్రతిధ్వని సుమారు 47 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఆ స్వరానికి గాలి ఒత్తిడి రెండు చివరి గోడల దగ్గరా ఎక్కువ, గది మధ్యలో బాగా తక్కువ. మా షోకేసు ఉన్నది చివరి గోడకి, అదీ మూలగా. అందుకని ప్లేయర్‌ని పొడుగు గోడకి, సరిగ్గా సగం దూరంలో పెట్టాం. అట్లా పెడితే స్పీకర్లకీ దూరమే. ప్లేయర్ జరిగితే ఆంప్లిఫయర్ కూడా దాంతో పాటే జరగాలి. కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే వైరు పొడుగైతే పై స్వరాలు దెబ్బతింటాయి, స్పీకర్ వైర్లు పొడుగైనా ఫరవాలేదు. ప్లేయర్ మీది ప్లాస్టిక్ మూతని కూడా పాట నడిచేటప్పుడు పూర్తిగా తీసి పక్కన పెడుతున్నాం. తెరిచి నిలబెట్టిన మూత తెరచాపలాంటిది, గాలిలో వచ్చే ప్రతి ఊపునీ పట్టి కిందికి దించుతుంది.

గోడకి వెల్డింగ్ షాపులో చేయించిన ఇనప యాంగిల్స్ కొట్టించి, వాటి మీద కడప బండ వేశాం. 2 అడుగులకి అడుగున్నర, 20 మిల్లీమీటర్ల మందం, 15 కిలోల దాకా ఉంటుంది. వంటింటి అలమరల్లో వేసేదే. బరువు ఉంటే చిన్న చిన్న ఊపులకి కదలదు. అయితే బండ నేరుగా ఇనుము మీద కూర్చుంటే గోడలో ఉన్నదంతా బండలోకి వస్తుంది. మధ్యలో మెత్తనిది ఏదో కావాలి.

నేను రబ్బరు ముక్కలు తెస్తానంటే నాన్న కాగితం తీసుకుని బోగీ బొమ్మ గీశాడు. ఐసీఎఫ్ బోగీలో ముందు చక్రాల దగ్గర ఒక వరస స్ప్రింగులు, వాటిలో నూనె డాష్‌పాట్లు. ఆ పైన పెట్టె బరువు మోసే ఇంకో వరస. స్ప్రింగు గట్టిగా ఉంటే ఉండి లాభం లేదు, పట్టాల దెబ్బ అట్లాగే పైకి వస్తుంది. మెత్తగా ఉండి, డాష్‌పాట్ లేకపోతే పెట్టె ఊగుతూనే ఉంటుంది, ప్రయాణికులకి వాంతులు. "బరువు పెడితే ఎంత కుంగుతుందో చూడు. అదే దాని గుణం" అన్నాడు.

ఇది పుస్తకంలో లెక్కకి సరిపోయింది. బరువు పెట్టగానే స్ప్రింగు 1 మిల్లీమీటరు కుంగితే అది సెకనుకి సుమారు 16 సార్లు ఊగే రకం. 10 మిల్లీమీటర్లు కుంగితే 5 సార్లు. ఏ స్ప్రింగైనా తన సొంత ఊపుకి ఒకటిన్నర రెట్ల కన్నా పైన ఉన్న వణుకుని మాత్రమే ఆపుతుంది. తన ఊపు దగ్గర అయితే ఆపకపోగా పెంచుతుంది. ప్లేయర్‌లో ముల్లూ, దాన్ని మోసే చెయ్యీ కలిసి 8 నుంచి 12 హెర్ట్జ్ దగ్గర తమ సొంత ఊపు ఊగుతుంటాయి. దానికి దగ్గర్లో ఇంకో ఊపుని తెచ్చి పెట్టకూడదు. గట్టి రబ్బరు ముక్కలు సరిగ్గా ఆ చుట్టుపక్కలకే వస్తాయి. అందుకని చిన్నపిల్లల సైకిల్ ట్యూబు తెచ్చి, సగానికి తక్కువ గాలి కొట్టి, కింద ఒక ప్లై ముక్క మీద పరిచి, పైన బండ వేశాం. గాలి మెత్తగా కుంగుతుంది, రబ్బరు తనే కొంత డాష్‌పాట్ పని చేస్తుంది. బండ ఒక పక్కకి ఒరగకుండా స్పిరిట్ లెవెల్ పెట్టి సరిచెయ్యడానికి నాన్నకి ఒక సాయంత్రం పట్టింది. వారానికోసారి గాలి తగ్గుతుంది. ఆ డ్యూటీ ఆయనదే.

ఈ పనుల మధ్యలో ఎడ్గర్ విల్చర్ అనే అమెరికన్ గురించి చదివాను. రికార్డ్ ప్లేయర్ చరిత్రలో ఆయనది పెద్ద పేరు. 1954లో ఆకూస్టిక్ రీసెర్చ్ కంపెనీ పెట్టి చిన్న బాక్సులోంచి మంచి మంద్రం వచ్చే స్పీకర్ చేశాడు. 1961లో ఆ కంపెనీ రికార్డ్ ప్లేయర్ వచ్చింది. అందులో రికార్డు తిరిగే పళ్ళెమూ, ముల్లు చెయ్యీ ఒకే గట్టి చట్రం మీద ఉంటాయి. ఆ చట్రం మొత్తం మెత్తటి స్ప్రింగుల మీద వేలాడుతుంది, మోటారు మాత్రం విడిగా పై పలకకి ఉంటుంది. ముల్లూ రికార్డూ కలిసే ఊగుతాయి కాబట్టి, బయట ఏం ఊగినా రెండింటి మధ్యా తేడా రాదు. పాట నడుస్తుండగా పెట్టె మీద కొట్టినా ముల్లు చలించదని పేరు. తర్వాత వచ్చిన చాలా ప్లేయర్లకి ఇదే నమూనా.

నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి సంగతి. 1967లో కంపెనీ అమ్మేసి విల్చర్ వినికిడి మెషీన్ల మీద పనిచెయ్యడం మొదలుపెట్టాడు. 1973లో తన పరిశోధన అచ్చువేశాడు. వినికిడి తగ్గినవాళ్ళకి శబ్దం మొత్తాన్ని ఒకే కొలతలో పెంచితే లాభం లేదు. మంద్రాన్ని ఒక రకంగా, పై స్వరాలని ఇంకో రకంగా విడదీసి, మెల్లగా వచ్చేదాన్ని ఎక్కువా, గట్టిగా వచ్చేదాన్ని తక్కువా పెంచాలి. దీనికి పేటెంటు తీసుకోలేదు, ఎవరైనా వాడుకోనిచ్చాడు. ఇవాళ్టి వినికిడి మెషీన్లు దాదాపు అన్నీ ఈ దారిలోనే పనిచేస్తాయి. 2011లో, 94 ఏళ్ళ వయసులో పోయాడు. మా హాల్లో ఒకే మనిషి రెండు చోట్ల ఉన్నాడన్నమాట. గోడ మీద బండలో ఆయన ఆలోచన, నాన్న చెవిలో ఆయన ఆలోచన.

అది చదివాకే వాల్యూం గొడవ ఇంకోలా కనపడింది. వయసుతో వచ్చే వినికిడి లోపం ముందు పై స్వరాలని తీసుకుపోతుంది. స, ష, త, ప లాంటి హల్లులు ఉండేది అక్కడే. 'సీత' అంటే 'ఈత'లా వినపడుతుంది. మంద్రం చాలాకాలం బాగానే ఉంటుంది. ఇంకో వింత ఏంటంటే, మెల్లటి శబ్దం అసలు వినపడదు, కాస్త గట్టిదైతే ఒక్కసారిగా భరించలేనంత పెద్దగా వినపడుతుంది. "గట్టిగా చెప్పు" అని, గట్టిగా చెప్తే "ఎందుకు అరుస్తావ్" అనే ముసలివాళ్ళని మనం చాదస్తం కింద జమకట్టేస్తాం. చెవి లోపల జరిగేది అదే. నాన్న నాబ్‌ని ఒంటిగంటకి తిప్పినప్పుడు పెరిగిందంతా ఎక్కువగా ఆయనకి ముందే వినపడుతున్న మంద్రం. మూలుగుకి మేత వేసేదీ ఆ మంద్రమే. ఆయనకి కావలసిన మాట, గమకం, తీగ మీద మీటు చప్పుడు మాత్రం ఇంకా అందట్లేదు.

అందుకని బాస్ నాబ్ తగ్గించి ట్రెబుల్ పెంచాం. ఆంప్లిఫయర్ మీద సబ్‌సానిక్ ఫిల్టర్ ఉంటే 20 హెర్ట్జ్ కింద ఉన్నవి పోతాయి, అది నొక్కాం. కుర్చీ జరిపాం. 10 అడుగుల దూరంలో ఉన్న కుర్చీని 5 అడుగులకి తెస్తే స్పీకర్ నుంచి నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది. గోడల ప్రతిధ్వని వల్ల గదిలో అంత పూర్తిగా రాదు, కానీ మాట స్పష్టత తేడా బాగా తెలుస్తుంది. పైగా నాబ్ ముట్టుకోకుండా వచ్చిన పెంపు ఇది, ముల్లుకి తెలియని పెంపు. అమ్మకి హాలు మధ్యలో కుర్చీ నచ్చలేదు. పాట అయిపోగానే గోడకి జరిపేస్తుంది.

నాన్న మెషీన్ కూడా అప్పుడప్పుడు మూలుగుతుంది. శాలువా చెవుల మీదికి లాక్కున్నప్పుడు, మనవరాలు మెడ చుట్టూ చేతులేసినప్పుడు 'కీఁ' అంటుంది. చెవిలోకి పంపిన శబ్దం సందులోంచి బయటికి కారి, మళ్ళీ దాని మైకులోకే చేరుతుంది. మైకుకీ స్పీకర్‌కీ మధ్య దూరం అంగుళాల్లో ఉంటుంది, మెషీన్ పెంచేదీ పై స్వరాలనే, కాబట్టి కూత సన్నగా వస్తుంది. గది ఊళ మంద్రం, చెవి కూత తారం. చక్రం మాత్రం ఒకటే. కొత్త మెషీన్లు ఆ కూతకి సరిగ్గా ఎదురు అలని తయారుచేసి కొట్టేస్తాయి. అయినా చెవిలో పెట్టే మోల్డు వదులైతే ఏ లెక్కా పనిచెయ్యదు. సందు మూయాలి. నాన్నకి పోయినసారి అదే చేశారు.

ఇప్పుడు మా ఇంట్లో మూలుగు రెండున్నరకి గానీ రాదు. నాన్న వాల్యూం 11 గంటలు. నాకు అది ఇప్పటికీ కొంచెం ఎక్కువే, నేను వెనక సోఫాలో కూర్చుంటాను. పోయినవన్నీ తిరిగి రాలేదు. గంజిరాలో చర్మం మీద దెబ్బ ఆయనకి తెలుస్తుంది, దాని బిళ్ళల గలగల తెలియదు. ఈమని వీణలో మంద్రస్థాయి ఆయనది, తారస్థాయి చివర్లు నావి. గీతలో శ్లోకం కన్నా తాత్పర్యం దగ్గర ఎక్కువ ఇబ్బంది పడతాడు. శ్లోకం ఆయనకి ముందే నోటికి వచ్చు, జారిపోయిన అక్షరాలని జ్ఞాపకమే పూడుస్తుంది. వచనం దగ్గర ఆ సాయం లేదు. నాదస్వరం మాత్రం ఏ లోటూ లేకుండా వస్తుందంటాడు. అందుకే రాత్రి ఎనిమిదింటికి ఆయన చినమౌలానా కావాలంటాడు, నేను బాలమురళి అంటాను. ఈ మధ్య మా ఇంట్లో గొడవ వాల్యూం గురించి కాదు, ఏ రికార్డు పెట్టాలన్న దాని గురించి. ఎక్కువసార్లు ఆయనే నెగ్గుతాడు, గాలి కొట్టే పంపు ఆయన చేతిలో ఉంది కదా.